ఆపరేషన్స్ మేనేజర్‌గా కొత్తగా చేరారా? పిండి ప్యాకెట్ల యూనిట్ ఉదాహరణతో ఈ పని మొదటి నుంచీ

ఆపరేషన్స్ మేనేజర్ ఏం చేస్తారని అడిగితే చాలామంది "అన్నీ ఆయనే చూసుకుంటారు" అంటారు. అలా అన్నీ తన నెత్తిన వేసుకున్న మనిషికి సాయంత్రానికి ఒళ్ళు హూనం అవుతుంది, మర్నాడు పొద్దున మళ్ళీ అవే గొడవలు. నేను నమ్మేది ఒకటే. ఈ ఉద్యోగంలో మీరు ముందు పట్టుకోవాల్సింది పని ఎక్కడ ఆగుతోందన్నది. ఆగిన చోటు కనిపెట్టి, దాన్ని అంకెల్లో కొలిచి, అక్కడ మాత్రమే చెయ్యి పెట్టడం నేర్చుకుంటే మిగతా విషయాల్లో సగం టెన్షన్ దానంతటదే తగ్గుతుంది.

ముడిసరుకు, మనుషులు, మెషిన్లు, సమయం కలిసి కస్టమర్ డబ్బిచ్చి కొనే వస్తువుగానో సేవగానో మారే దారి ఒకటి ప్రతి సంస్థలోనూ ఉంటుంది. ఆ దారిని నడిపించడమే ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్. సేల్స్ వాళ్ళు ఆర్డర్ తెస్తారు, ఫైనాన్స్ వాళ్ళు డబ్బు లెక్క చూస్తారు. ఒప్పుకున్న సరుకు ఒప్పుకున్న రోజుకి, ఒప్పుకున్న నాణ్యతతో, అనుకున్న ఖర్చులో బయటికి వెళ్ళేలా చూడటం మీ వంతు. ఫ్యాక్టరీ అయినా, హాస్పిటల్ అయినా, కొరియర్ ఆఫీసు అయినా ఇందులో తేడా లేదు.

గాల్లో చెబితే ఏదీ బుర్రకెక్కదు కాబట్టి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్‌లో దోశ పిండి కిలో ప్యాకెట్లు తయారుచేసి కిరాణా షాపులకి వేసే యూనిట్. రోజుకి 1,400 ప్యాకెట్లు కావాలి. రుబ్బడానికి మూడు పెద్ద గ్రైండర్లు, ఒక ప్యాకింగ్ మెషిన్, ఒక కోల్డ్ రూమ్, తెల్లవారుజామున బయల్దేరే వ్యాన్లు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను పెట్టినవి, మీ దగ్గర మీ అంకెలు పెట్టుకోండి. పిండినే ఎందుకు తీసుకున్నానంటే అది ఆగదు. స్టీలు బోల్టులైతే గోడౌన్‌లో నెల పడున్నా ఏమీ కాదు, పిండి మాత్రం గంట గంటకీ పులుస్తూనే ఉంటుంది, మన తప్పులన్నీ మర్నాటికల్లా బయటపెడుతుంది.

మొదటి పని: దారి మొత్తం కాళ్ళతో నడవండి

చేరిన మొదటి వారం ఏ మార్పూ చెయ్యకండి. బియ్యం బస్తా దిగిన గేటు దగ్గర మొదలుపెట్టి, కడగడం, నానబెట్టడం, రుబ్బడం, పులియబెట్టడం, ప్యాకింగ్, కోల్డ్ రూమ్, వ్యాన్, షాపు ఫ్రిజ్ వరకు సరుకు వెంటే వెళ్ళండి. వ్యాన్ ఎక్కి ఒక రూట్ మొత్తం తిరగండి, అది ఎవరూ చెయ్యరు, మీరు చెయ్యండి. ప్రతి చోటా రెండే రాసుకోవాలి: ఇక్కడ నిజంగా పని జరిగిన సమయం ఎంత, సరుకు ఊరికే పడున్న సమయం ఎంత. టయోటా కార్ల కంపెనీలో ఇంజినీర్ తైచి ఓనో పేర్చిన ఏడు రకాల వృథాల్లో అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడటం, అటూ ఇటూ మోయడం, సరుకు పోగుపడటం ఉన్నాయి. పిండి యూనిట్‌లో ఈ నాలుగూ మొదటి రోజే కళ్ళకి కనిపిస్తాయి.

పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు "ఎందుకు లేటు చేస్తున్నావ్" అని అడిగితే నోరు విప్పరు. "అక్కా, ఇప్పుడు దేని కోసం ఆగారు?" అని అడగండి.

"పప్పు తూకం వేసి తెచ్చే అబ్బాయి టీకి పోయాడు సార్. వాడొస్తే గానీ గ్రైండర్ వెయ్యలేం."

ఇలాంటి ఒక్క జవాబు పది రిపోర్టులు చదివినా దొరకదు. దాన్ని ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆ అబ్బాయిని మాత్రం తిట్టకండి, ఎందుకో కిందే తెలుస్తుంది.

రెండో పని: ఎంత వేగంగా నడవాలో లెక్క కట్టండి

షిఫ్ట్‌లో భోజనం, టీ, కడిగే సమయం తీసేస్తే 7 గంటలు మిగిలాయనుకుందాం. అంటే 420 నిమిషాలు, 25,200 సెకన్లు. 1,400 ప్యాకెట్లతో భాగిస్తే 18. ప్రతి 18 సెకన్లకి ఒక ప్యాకెట్‌కి సరిపడా పిండి ప్రతి దశనీ దాటాలి. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు. ఇది మెషిన్ వేగం కాదు, కస్టమర్ అడుగుతున్న వేగం. గోడ మీద పెద్దగా రాసి పెట్టండి.

ఇప్పుడు ఒక్కో దశ ఎంత ఇవ్వగలదో చూడండి. ప్యాకింగ్ మెషిన్ నిమిషానికి 10 ప్యాకెట్లు వేస్తే 1,400 వెయ్యడానికి 140 నిమిషాలు చాలు. మరి గ్రైండర్లు? ఒక్కో వాయికి 40 కిలోల పిండి వస్తుంది, ఒక వాయి మొదలుపెట్టి మళ్ళీ ఇంకో వాయి మొదలుపెట్టేసరికి 40 నిమిషాలు పడుతోంది. 420 నిమిషాల్లో ఒక గ్రైండర్‌కి పూర్తి వాయిలు 10. మూడు గ్రైండర్లకి 30 వాయిలు, 1,200 కిలోలు. అంటే ఎంత గొంతు చించుకున్నా రోజుకి 200 ప్యాకెట్లు తక్కువే.

బాటిల్‌నెక్ అంటే ఇదే. యూనిట్ మొత్తం ఎంత ఇస్తుందో ఆ ఇరుకు చోటు తేలుస్తుంది. అరుపులు మాత్రం అక్కడ వినపడవు, ప్యాకింగ్ దగ్గర వినపడతాయి, ఎందుకంటే ఆఖరి పిండి ఆలస్యంగా వచ్చేసరికి వ్యాన్ల టైమ్ అయిపోయి ఉంటుంది. ఓనర్ గారు వచ్చి ఆ హడావిడి చూసి "ఇంకో ప్యాకింగ్ మెషిన్ కొందాం" అంటారు. ఆ మెషిన్ కొన్నా ఒక్క ప్యాకెట్ కూడా పెరగదు. ఈ ఒక్క లెక్క ఓనర్‌కి కాగితం మీద చూపించగలిగితే మీ జీతం వసూలైనట్టే.

మూడో పని: ఆ ఇరుకు దగ్గరే కూర్చోండి

స్టాప్‌వాచ్ పెట్టి ఒక గ్రైండర్ దగ్గర షిఫ్ట్ మొత్తం నిలబడండి. 40 నిమిషాల్లో రాయి తిరిగింది 28 నిమిషాలే. మిగతా 12 నిమిషాలు పిండి తీయడం, గ్రైండర్ కడగడం, నానిన పప్పు తూకం వెయ్యడం, టబ్ మోసుకురావడం, నీళ్ళ కొలత వెతకడం. ఈ 12 నిమిషాల్లో రాయి తప్పనిసరిగా ఆగాల్సిన పనులేవి, రాయి తిరుగుతుండగానే చేసిపెట్టుకోగల పనులేవి అని వేరుచేయండి. తూకం, మోత, నీళ్ళు, ఈ మూడూ ముందే చేసుకోవచ్చు. తర్వాతి వాయికి కావాల్సిన పప్పు, బియ్యం, కొలిచిన చల్లనీళ్ళు టబ్బుల్లో గ్రైండర్ పక్కనే సిద్ధంగా పెడితే ఆగే సమయం 6 నిమిషాలకి దిగుతుంది. ఇప్పుడు వాయికి 34 నిమిషాలు, గ్రైండర్‌కి 12 వాయిలు, మూడింటికి 1,440 కిలోలు. కొత్త మెషిన్ లేదు, ఓవర్‌టైమ్ లేదు, అదనంగా పెట్టాల్సింది కొన్ని టబ్బులు మాత్రమే. టీకి వెళ్ళిన అబ్బాయి తప్పేం లేదని ఇప్పుడు తెలుస్తుంది, తూకాన్ని గ్రైండర్ ఆగే సమయంలో పెట్టిన పద్ధతిదే తప్పు.

మెషిన్ ఆపి చేసే పనిని మెషిన్ తిరుగుతుండగా చేసే పనిగా మార్చే ఈ ఉపాయాన్ని జపాన్ ఇంజినీర్ షిగియో షింగో ఒక పద్ధతిగా మలిచారు. మన దేశంలో దీనికి గొప్ప ఉదాహరణ ఒక కంటి ఆస్పత్రి. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ ఆస్పత్రిలో ఒక సర్జన్‌కి రెండు ఆపరేషన్ టేబుళ్ళు ఉంటాయి. ఒక టేబుల్ మీద ఆపరేషన్ జరుగుతుండగానే రెండో టేబుల్ మీద తర్వాతి పేషెంట్‌ని నర్సులు సిద్ధం చేస్తారు, సర్జన్ ఇటు ముగించి అటు తిరుగుతారు. అక్కడ అన్నిటికన్నా విలువైనది సర్జన్ సమయం, దాన్ని ఒక్క నిమిషం కూడా ఎదురుచూపుల్లో పోనివ్వరు. అందుకే ఎంతోమంది పేదలకి ఉచితంగా చూపు తెప్పించగలిగారు. ఆపరేషన్స్ అంటే లాభాల లెక్క మాత్రమే అనుకునేవాళ్ళు ఈ ఆస్పత్రి గురించి తప్పక తెలుసుకోవాలి.

1913లో హెన్రీ ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టినప్పుడు ఒక కారు ఛాసిస్ బిగించే సమయం పన్నెండున్నర గంటల నుంచి దాదాపు గంటన్నరకి దిగింది. అక్కడ కూడా మనుషులు వేగంగా చేతులాడించడం వల్ల కాదు, నడకలూ వెతుకులాటా పోయి పని మనిషి దగ్గరికే రావడం వల్ల.

నాలుగో పని: పోగుపడ్డ సరుకుని రోజుల్లోకి మార్చి చూడండి

1961లో అమెరికన్ ప్రొఫెసర్ జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది, చూడటానికి చాలా చిన్నది: లోపల ఉన్న సరుకుని రోజూ బయటికి వెళ్ళే సరుకుతో భాగిస్తే సగటున ఒక్కొక్కటి లోపల ఎన్ని రోజులు ఉంటోందో వస్తుంది. కోల్డ్ రూమ్‌లో ఎప్పుడు చూసినా 4,200 ప్యాకెట్లు ఉన్నాయనుకోండి, రోజుకి 1,400 వెళుతుంటే ప్రతి ప్యాకెట్ సగటున 3 రోజులు మన దగ్గరే కూర్చుంటోంది. ప్యాకెట్ ఆయుష్షు 7 రోజులైతే షాపుకి చేరేసరికి మిగిలేది 4 రోజులు. "స్టాక్ నిండుగా ఉంది, భయం లేదు" అని స్టోర్ అతను చెప్పే మాటకి అసలు అర్థం మన కస్టమర్ పుల్లటి పిండి కొంటున్నాడని.

తిరిగొచ్చిన ప్యాకెట్ల లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. తయారుచేసి షాపుకి చేర్చడానికి 45 రూపాయలై, షాపుకి 60కి ఇస్తే లాభం 15. ఒక్క ప్యాకెట్ వాపస్ వచ్చి పారబోస్తే మూడు ప్యాకెట్లు అమ్మిన లాభం పోయినట్టు. సేల్స్ వాళ్ళు "ప్రతి షాపులో ఫ్రిజ్ నింపాలి" అని గట్టిగా పట్టుబడతారు, వాళ్ళ కోణంలో అది న్యాయమే. మీరు షాపుల వారీగా వాపస్‌ల లెక్క పక్కన పెట్టుకుని మాట్లాడండి. ఏ షాపుకి రోజూ 20 వేసి 6 వెనక్కి తెస్తున్నారో తేలితే గొడవ అక్కడే ఆగిపోతుంది.

రేపటికి ఎంత చెయ్యాలన్న అంచనా కూడా మీదే. నిన్నటి అమ్మకమే రేపటి అమ్మకం అనుకోకండి, పోయిన నాలుగు శనివారాల సగటు చూసి ఈ శనివారానికి వెయ్యండి. శని, ఆదివారాల టిఫిన్లు వేరు, మామూలు రోజులు వేరు. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది, ఆ వారం మామూలుగా రుబ్బితే పారబోసుకోవడమే, అదే వారం కోస్తా ఊళ్ళల్లో కథ తిరగబడుతుంది. ఇలాంటివి సాఫ్ట్‌వేర్‌కి మీరు చెబితేనే తెలుస్తాయి. ఒక కాగితం క్యాలెండర్ మీద పండగలు, బడి సెలవులు, పరీక్షలు గుర్తుపెట్టుకుంటే అదే మంచి అంచనాకి పునాది.

ముడిసరుకు విషయం సులువే. 1,400 కిలోల పిండికి సుమారు 600 కిలోల పొడి సరుకు, అందులో మినప్పప్పు 150 కిలోలు అనుకుందాం. ఆర్డర్ ఇచ్చాక రావడానికి 4 రోజులు, అటూ ఇటూ అయితే తట్టుకోవడానికి ఇంకో 2 రోజులు, మొత్తం 6 రోజులకి 900 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 18. స్టోర్‌లో 18 బస్తాల ఎత్తు దగ్గర గోడ మీద ఎర్ర గీత గీయించండి. బస్తాల ఎత్తు ఆ గీత కిందికి దిగిన రోజే ఆర్డర్ వెళ్ళాలి. ముందు వచ్చిన బస్తా ముందు వాడాలి, దానికోసం దింపిన తేదీ సుద్దముక్కతో రాస్తే చాలు.

ఐదో పని: నాణ్యత మనిషి చేతి అలవాటు మీద ఆధారపడకుండా చూడండి

తిరుమల పోటులో, అంటే ప్రసాదాలు వండే వంటశాలలో, లడ్డూకి దిట్టం ఉంటుంది. ఇన్ని లడ్డూలకి ఇంత శనగపిండి, ఇంత చక్కెర, ఇంత నెయ్యి అని నిర్ణయించిన లెక్క. వంట చేసేవాళ్ళు మారినా లెక్క మారదు. మీ యూనిట్‌కీ అలాంటి దిట్టం కావాలి: ఎన్ని కిలోల పప్పుకి ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎన్ని గంటలు నానాలి, ఎన్ని నిమిషాలు తిరగాలి, దింపేటప్పుడు పిండి ఎంత వేడి ఉండొచ్చు. రాయి రాపిడికి పిండి వేడెక్కుతుంది, మే నెలలో కుళాయి నీళ్ళే వేడిగా వస్తాయి, ఆ పిండి సాయంత్రానికే పొంగి ప్యాకెట్లు ఉబ్బుతాయి. కాబట్టి ఎండాకాలం దిట్టం వేరు, చలికాలం దిట్టం వేరు. దాన్ని ఆఫీసులో కూర్చుని మీరు రాయకండి, బాగా రుబ్బే అక్కతోనే చెప్పించి రాయండి. ఆవిడ చెప్పినది ఆవిడ పాటిస్తుంది, మీరు ఏసీ గదిలో రాసింది ఎవరూ పాటించరు.

తూకం దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే చాలా యూనిట్లలో డబ్బు ఇక్కడే కారిపోతుంది. గంటకి 5 ప్యాకెట్లు తీసి తూచి, సగటుని గ్రాఫ్ కాగితం మీద చుక్కగా పెట్టండి. సగటు 1,020 గ్రాములు వస్తుంటే ప్యాకెట్‌కి 20 గ్రాములు ఊరికే ఇస్తున్నట్టు, రోజుకి 28 కిలోలు, నెలకి 840 కిలోలు. పోనీ అని బాగా తగ్గిస్తే కస్టమర్‌ని మోసం చేసినట్టు, తూనికలు కొలతల శాఖ కేసు కూడా రాస్తుంది. ఇంకో జాగ్రత్త: ఒక ప్యాకెట్ 8 గ్రాములు ఎక్కువ వచ్చిందని వెంటనే మెషిన్ స్క్రూ తిప్పకండి. ప్రతి ప్రక్రియలోనూ మామూలు ఊగిసలాట కొంత ఉంటుంది, దానికి స్పందిస్తూ పోతే ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. మామూలు ఊగిసలాట ఏది, నిజంగా ఏదో చెడిపోయిన గుర్తు ఏది అని వేరుచేయడానికే 1924లో అమెరికన్ ఇంజినీర్ వాల్టర్ షూహార్ట్ కంట్రోల్ చార్ట్, అంటే మామూలు ఊగిసలాటకి పైనా కిందా హద్దు గీతలు గీసిన గ్రాఫ్, తయారుచేశారు. వందేళ్ళు దాటినా దానికి తిరుగులేదు.

ఏదైనా చెడినప్పుడు ఐదుసార్లు "ఎందుకు" అని అడగండి. ప్యాకెట్ కారుతోంది. ఎందుకు? సీల్ అంటుకోలేదు. ఎందుకు? కవర్ అంచుకి పిండి అంటింది. ఎందుకు? పిండి పోసే నాజిల్ ఆగాక కూడా చుక్కలు కారుస్తోంది. ఎందుకు? లోపలి రబ్బరు వాషర్ అరిగిపోయింది. ఎందుకు మార్చలేదు? స్టోర్‌లో స్పేర్ లేదు, ఏ స్పేర్ ఎన్ని ఉండాలో జాబితా లేదు. మొదటి ఎందుకు దగ్గరే ఆగితే సీలింగ్ అబ్బాయికి చీవాట్లు పడతాయి, ఐదో ఎందుకు దాకా వెళితే స్పేర్ల జాబితా పుడుతుంది. ఆ జాబితాతో పాటే మెషిన్ల రిపేర్ రోజులు కూడా క్యాలెండర్‌లో రాయండి. గ్రైండర్ రాళ్ళు అరిగి నున్నబడ్డాక కాకుండా ముందే గాట్లు పెట్టించాలి, బెల్టులు తెగకముందే మార్చాలి.

మనుషులు

పొద్దున షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు పది నిమిషాలు అందరూ నిలబడి మాట్లాడుకోవాలి: నిన్న ఎన్ని అడిగారు, ఎన్ని వెళ్ళాయి, ఎన్ని వాపస్ వచ్చాయి, ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఇవాళ ఏ మెషిన్ మీద అనుమానం ఉంది. పది నిమిషాలు దాటకూడదు. టయోటాలో లైన్ మీది వర్కర్‌కి తాడు లాగో బటన్ నొక్కో పని ఆపించే హక్కు ఉంటుంది. మీ దగ్గర తాడు లేకపోయినా పర్లేదు, పిండి వాసన తేడాగా ఉందని ఒక అక్క చెప్పి బ్యాచ్ ఆపితే అందరి ముందూ "మంచి పని చేశావమ్మా" అనండి. మొదటిసారి ఆపినప్పుడు మీ మొహం ఎలా పెట్టారో అందరూ చూస్తారు, రెండోసారి ఎవరైనా ఆపుతారా లేదా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. భద్రత విషయంలో బేరమే లేదు, తడి నేల మీద కరెంటు మెషిన్లు తిరిగే చోట ఎర్తింగ్, తిరిగే భాగాలకి అడ్డు కవర్లు, జారని చెప్పులు లేకుండా ఒక్క గంట కూడా నడపకండి.

ఇంకొకటి, మనుషుల్ని గానీ మెషిన్లని గానీ నూటికి నూరు శాతం నింపేయాలనే ఆశ వదిలేయండి. ఎప్పుడొస్తారో తెలియని జనం, ఎంతసేపు పడుతుందో తెలియని పని ఉన్నచోట ఇది బాగా కనిపిస్తుంది. ఆస్పత్రి ఓపీలో డాక్టర్‌కి పేషెంట్‌కి సగటున 10 నిమిషాలు పడితే, క్యూ లెక్కల మామూలు సూత్రం ప్రకారం డాక్టర్ 80 శాతం బిజీగా ఉన్నప్పుడు ఎదురుచూపు సగటున 40 నిమిషాలు, 90 శాతం అయితే 90 నిమిషాలు, 95 శాతం అయితే 190 నిమిషాలు. బిజీ కొంచెం పెరిగితే క్యూ ఆకాశానికి వెళ్ళిపోతుంది. ఖాళీగా కనిపించే ఆ కొంచెం సమయమే కస్టమర్‌ని కాపాడుతోంది, దాన్ని కోసేయమని పైవాళ్ళు అడిగినప్పుడు ఈ అంకెలు చూపించండి.

రోజూ చూడాల్సిన అంకెలు, ఇక మీ చదువు

నలభై కాలమ్‌ల రిపోర్ట్ ఎవరూ చదవరు. అడిగిన రోజుకి వెళ్ళిన ఆర్డర్ల శాతం, గ్రైండర్లు వేసిన వాయిలు, వాపస్‌లు, సగటు తూకం, కోల్డ్ రూమ్‌లో ఎన్ని రోజుల సరుకు. ఇవి చాలు, ఒక తెల్లబోర్డు మీద చేత్తో రాయించండి. ఎక్సెల్ బాగా రావాలి, ఖర్చు లెక్క చదవడం రావాలి, టాలీ, ఎస్‌ఏపీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో సరుకు ఎంట్రీ ఎలా కదులుతుందో తెలియాలి. ఎంబీఏ ఉంటే పెద్ద కంపెనీల్లో తలుపు తెరుచుకుంటుంది, లేకపోయినా షాప్ ఫ్లోర్ నుంచి పైకొచ్చిన సూపర్‌వైజర్లు ఈ పనిలో చాలా బాగా రాణిస్తారు, వాళ్ళకి సరుకు నడక చేతికి తెలిసి ఉంటుంది కాబట్టి.

కొత్త మెషిన్ ఎప్పుడు కొనాలి

ఆర్డర్లు పెరిగి 1,700కి చేరాయనుకోండి. గ్రైండర్లు మూడూ 12 వాయిలు వేస్తున్నాయి, 1,440 దాటడం లేదు, ఆగే సమయం ఇంకా తగ్గించలేం. ఇప్పుడు నాలుగో గ్రైండర్ అడగండి. నాలుగింటికి 48 వాయిలు, 1,920 కిలోలు, 1,700కి పోను కొంచెం ఊపిరి కూడా మిగులుతుంది. కానీ సంతకం పెట్టించే ముందు మిగతా దశలు చూసుకోండి: 1,920 కిలోలకి రోజూ 820 కిలోల పప్పు, బియ్యం నానాలి, ఇప్పుడున్న ట్యాంకుల్లో పట్టేది 600 అయితే గ్రైండర్ వచ్చాక ఇరుకు ట్యాంకుల దగ్గరికి మారుతుంది. కరెంటు లోడ్ పెంచడానికి డిస్కమ్‌కి, అంటే కరెంటు సరఫరా కంపెనీకి, ముందే దరఖాస్తు పెట్టాలి, బాగా రుబ్బే అక్క పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టి వాయి చూడటం నేర్పించాలి, మినప్పప్పు ఎర్ర గీతని కూడా పైకి జరపాలి. గ్రైండర్ ఆర్డర్, ట్యాంకు ఆర్డర్ ఒకే కాగితం మీద ఓనర్ ముందు పెట్టండి.